గంజాం తీరంలో తెగింపు లెక్కలు

ధైర్యం గురించి ఈ తీరంలో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ఒడిశాలో గోపాలపూర్ నుంచి శ్రీకాకుళం సరిహద్దు దాకా ఉన్న తెలుగు మత్స్యకార పల్లెల్లో, ఒడియావాళ్లు నోలియాలని పిలిచే కుటుంబాల్లో, మీసాలు రాకముందే అల దాటడం నేర్చుకుంటారు. తెగించినవాడికి తెడ్డే లింగం అనే మాట వింటూ పెరిగిన జనం. అయినా ఆ ఇళ్లలోనే కొత్తగా పెట్టిన దుకాణం ఏడాది తిరక్కుండా మూతపడుతోంది. అప్పు చేసి కొన్న ఇంజిన్ వడ్డీ వ్యాపారి పాలవుతోంది. సముద్రం మీద పనికొచ్చిన మనసు మాటను బజార్లో కూడా అలాగే నమ్మేయడమే ఇందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం.

తెల్లవారుజామున వేటకు బయల్దేరే ముందు ఒడ్డున నిలబడే పెద్దాయన్ని ఒకసారి గమనించండి. చీలమండల దాకా నీళ్లలో నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూస్తాడు. పాదాల కింద ఇసుక ఎటు జారుతోందో చూసుకుంటాడు. గాలికి మొహం తిప్పుతాడు. కాసేపాగి "ఇయ్యాల వద్దురా" అంటాడు. ఎందుకు తాతా అంటే విడమరిచి చెప్పలేడు. అయినా కుర్రాళ్లు వలలు దించేస్తారు. జీవితమంతా ఆ నీళ్లలోనే గడిపిన మనిషి మాట అది.

ఇలాంటి మాటను ఎప్పుడు నమ్మాలన్న దానిపై మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలం వాదన నడిచింది. గ్యారీ క్లైన్ అగ్నిమాపక దళాల అధికారులను పరిశీలించి, అనుభవజ్ఞుడికి లోపల తట్టిన మాటకు బలం ఉందన్నాడు. డేనియల్ కానెమన్ మాత్రం ఆ నమ్మకం మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తుందో చూపించాడు. 2009లో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసంలో, లోపల తట్టిన మాటను నమ్మాలంటే ఏం ఉండాలన్న దానిపై ఒక మాట మీదకు వచ్చారు. మనం అంచనా వేస్తున్న దాంట్లో ఒక క్రమం ఉండాలి. మన అంచనా తప్పో ఒప్పో వెంటనే తెలియాలి. అలా తెలుసుకునే అవకాశం పదేపదే రావాలి.

వేటలో ఇవన్నీ ఉన్నాయి. పొద్దున వేసిన అంచనాకు మధ్యాహ్నానికల్లా జవాబు దొరుకుతుంది. బరంపురంలో బట్టల షాపు పెడితే జవాబు రావడానికి రెండేళ్లు పడుతుంది, ఈలోగా వడ్డీ పెరుగుతూ ఉంటుంది. పైగా అలాంటి షాపు ఒక మనిషి ఎన్నిసార్లు పెట్టగలడు? మహా అయితే రెండుసార్లు. ఆ విషయంలో మనసుకు తర్ఫీదు ఎక్కడిది?

సముద్రం దగ్గర కూడా అనుభవానికి ఒక హద్దుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంతటి తుపాన్లు ఒక మనిషి జీవితంలో ఎన్నో రావు, కాబట్టి వాటి గురించి తాత మనసుకు తెలిసింది తక్కువే. ఆ రోజు వాతావరణ శాఖ హెచ్చరికను నమ్మి దాదాపు పది లక్షల మందిని ఖాళీ చేయించారు. 1999 సూపర్ సైక్లోన్‌కు పదివేల మంది దాకా బలైన రాష్ట్రంలో ఈసారి మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. బతుకుతెరువైన పడవను ఒడ్డునే వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని షెల్టర్‌కు నడవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

మరి వ్యాపారంలో తెగింపు? గజపతి జిల్లా వాళ్లు గర్వంగా చెప్పుకునే కథ పర్లాకిమిడి రైలు. రాజా గౌరచంద్ర గజపతి మెయిన్ లైను మీది నౌపడ నుంచి తన ఊరికి చిన్న గేజి రైలు వేయించారు. 1900లో బండి నడిచింది. మొదటి ఏళ్లంతా నష్టాలే, 1910 దాటాక గానీ కాస్త లాభం కనపడలేదు. 1931 నాటికి లైను గుణుపూర్ చేరింది. రాజావారి దూరదృష్టిని నేను తక్కువ చేయను. కానీ పదేళ్ల నష్టాన్ని మోయడానికి ఆయన వెనక ఒక జమీందారీ ఉంది. బండి ఖాళీగా తిరిగినా కోటలో పొయ్యి ఆరలేదు. ఉన్నదంతా ఊడ్చి పెట్టెయ్, రిస్క్ చెయ్ అని యూట్యూబ్‌లో ఊదరగొట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. అలా ఊడ్చి పెట్టి మునిగినవాళ్లను మైకు ముందుకు ఎవరూ పిలవరు కూడా. ఆ యూట్యూబ్ మాటలు విని అమ్మ మెడలో పుస్తెలతాడు తాకట్టు పెట్టే కుర్రాళ్లను తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

అలాగని ఉన్నచోటే ఉండిపొమ్మనడానికి కూడా లేదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా మోటారు పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఏడాదిలో ఏడు నెలలు. ఇంకో ఆదాయం వెతుక్కోక తప్పదు. అందుకే చాలా ఇళ్లలో ఒక కొడుకు వేటలో ఉంటే ఇంకొకడు సూరత్‌కో విశాఖ హార్బర్‌కో వెళ్తాడు. ఒకచోట దెబ్బ తగిలినా రెండోచోట నుంచి డబ్బు వస్తుందని ఆ తల్లులు వేసుకున్న లెక్క ఇది. ఏ కన్సల్టెంటూ ఇంతకంటే బాగా చెప్పలేడు.

ఈ లెక్కను చెడగొట్టేది వడ్డీ. నూటికి నెలకు మూడు రూపాయలంటే లక్షకు ఏడాదికి 36 వేలు. మత్స్యకారులకు కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి అందుబాటులో ఉంది. వేట ఖర్చులకు దాని మీద తీసుకుని గడువులోపు కడితే లక్షకు 4 వేలే. మిగిలే 32 వేలతో ఒక చెడ్డ సీజన్‌ను తట్టుకోవచ్చు. అయితే బ్యాంకు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుని, పెద్దగా చదువుకోని సరంగు, అంటే పడవ నడిపేవాడు, ఆ ఫారం చూసి వెనక్కి వచ్చేస్తాడు. బరంపురంలో ఉగాదికి వేదిక కట్టే తెలుగు సంఘాలు అంతే శ్రద్ధతో పల్లెకొక చదువుకున్న కుర్రాణ్ణి పంపి, నిషేధం ముగిసి వేట మొదలయ్యేలోపే ఈ ఫారాలు నింపించాలి.