తడిసిన వడ్లలో పాజిటివ్ యాంగిల్ ఎక్కడ వెతకాలి?

మార్కెట్ డల్‌గా ఉందని రాస్తే చాలు, నాయకులకు ఒళ్లు మండుతుంది. పార్టీ ఏదైనా కుర్చీలో ఉన్నాయన మాట ఒకటే: అంతా బాగానే ఉంది, మీరే జనాన్ని భయపెడుతున్నారు. 2004లో ఢిల్లీ నుంచి 'భారత్ వెలిగిపోతోంది' అని ప్రకటనల మీద ప్రకటనలు గుప్పించారు. మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని ముంబై బస్సెక్కే పాలమూరు కూలీలకు మాత్రం ఆ వెలుగు కనబడలేదు. ఆ ఎన్నికల్లో ఢిల్లీ ప్రభుత్వమే ఓడిపోయిన సంగతి మీకు తెలిసిందే.

వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. టీవీలో పొద్దస్తమానం కొంపలు మునిగినట్టు అరిస్తే ఇల్లు కట్టాలనుకున్నవాడు ఏడాది ఆగుతాడు, మేస్త్రీకి పని పోతుంది. ఆ గోలను నేనూ సమర్థించను. కానీ నాయకులకు అసలు మంట జిల్లా పేజీలో వచ్చే చిన్న ఫొటోతోనే.

మిర్యాలగూడ వైపు కొనుగోలు కేంద్రానికి వాన పడ్డ మర్నాడు పొద్దున వెళ్లి చూడండి. తేమ 17 శాతం దాటితే కొనరని రోజుల తరబడి ఆరబోసిన వడ్లు, ఒక్క రాత్రి వానకు తడిసి, పరదా ఎత్తగానే ముక్కు పుటాలదిరే వాసన, అడుగున తెల్లటి మొలకలు. ఆ ఫొటో పేపర్లో పడిందా, వారం నుంచి రాని లారీ మధ్యాహ్నానికల్లా వచ్చి నిలబడుతుంది. ధీమా ప్రసంగాలతో ఒక్క గన్నీ సంచి కదిలిందా ఎప్పుడైనా?

నల్గొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతీ అంతే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది బరిలో నిలబడ్డారు. చాలామందికి గెలుపు ధ్యాసే లేదు, తాగునీళ్ల గోస దేశానికి తెలిస్తే చాలనుకున్నారు. చివరికి పోలింగే వాయిదా పడింది. ఇంతకన్నా నెగెటివ్ వార్త ఏముంటుంది? వంకర తిరిగిన కాళ్ల ఫొటోలతో జిల్లా పరువు పోతుందని ఆరోజు మూసిపెట్టి ఉంటే, మర్రిగూడలో ఇంకా ఆ బోరు నీళ్లే తాగుతూ ఉండేవాళ్లు.

నా టెన్షనల్లా ఆ ఫొటో తీసేవాడి గురించే. మండల విలేకరికి ఇచ్చేది అంతంతమాత్రం, పైగా యాడ్స్ టార్గెట్. జనవరి 26కు శుభాకాంక్షల యాడ్ ఎవరి దగ్గర తేవాలో, వడ్లు తడిస్తే వాళ్ల మీదే రాయాలి. వ్యాపారాలు పడిపోతే యాడ్స్ తగ్గుతాయి, జిల్లా పేజీలు తగ్గుతాయి, ముందు పోయేది అతని పనే. మొన్న తెలిసిన ఒక కుర్ర విలేకరి అన్నాడు: "వడ్ల ఫొటో పంపిన అన్నా. ఆఫీసోళ్లు ఫొటో సంగతి అడగలే, రైస్ మిల్లు యాడ్ ఎప్పుడొస్తదని అడిగిండ్రు."