అద్దం పట్టినవాడు అద్దంలో ఎక్కడ?

నాటకం నచ్చితే "సమాజానికి అద్దం పట్టింది" అంటాం. నవల నచ్చినా అదే మాట, సినిమా నచ్చినా అదే మాట. బాగా అరిగిపోయిన మాటే. కానీ నా అభ్యంతరం దాని అరుగుదల మీద కాదు. ఆ మాట చాటున ఒక మనిషి తప్పించుకుంటున్నాడు. అద్దాన్ని లోకం వైపు తిప్పి పట్టుకున్నవాడికి కనిపించేది అద్దం వీపు మాత్రమే. వీధీ, జనం, వాళ్ల తప్పులూ అన్నీ అందులో పడతాయి. పట్టుకున్నవాడు పడడు.

ఆ తప్పించుకునే దారిని మూసేసిన కళాకారుడు ఇటలీకి చెందిన మికెలాంజెలో పిస్తొలెత్తో. 1933లో బియెల్లాలో పుట్టి, 1960ల్లో మామూలు వస్తువులతోనే కళ చేసిన ఆర్తె పోవెరా ("పేద కళ") ఉద్యమంలో ముందువరుసన నిలిచిన ఆయనకు కొత్తగా పరిచయం అక్కర్లేదు. అద్దంలా మెరిసే పలక మీద మనిషి బొమ్మ అతికించిన ఆయన అద్దపు చిత్రాల గురించి రాసేవాళ్లు "చూసేవాళ్లను కళలో భాగం చేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఆయన చేసింది అంతకన్నా చాలా పెద్ద పని. ఐదు వందల ఏళ్లపాటు ముందుకే చూస్తూ వచ్చిన చిత్రకళ మెడ పట్టుకుని వెనక్కి తిప్పాడు.

అదెలాగో అర్థం కావాలంటే ఫ్లోరెన్స్ నుంచి మొదలుపెట్టాలి. పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో ఫిలిప్పో బ్రునెల్లెస్కి అనే వాస్తుశిల్పి అక్కడి కేథడ్రల్ గుమ్మం నుంచి ఎదురుగా కనిపించే బాప్టిస్టరీని (జ్ఞానస్నాన మందిరాన్ని) ఒక చిన్న పలక మీద చిత్రించాడు. పలకకు ఒక రంధ్రం చేశాడు. చూసేవాడు పలక వెనక నుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, రెండో చేత్తో పలకకు ఎదురుగా ఒక అద్దం పట్టుకోవాలి. అద్దంలో చిత్రం కనిపిస్తుంది, అచ్చం అసలు కట్టడంలాగే. చదునైన పలక మీద దూరాన్నీ లోతునూ కొలతప్రకారం చూపించే పర్‌స్పెక్టివ్ అనే విద్య ఈ ప్రయోగంతోనే లోకానికి రుజువైందని చరిత్రకారులు చెబుతారు. బ్రునెల్లెస్కి జీవితకథలో మానెత్తి వర్ణించిన ఈ ఘట్టం తలుచుకున్నప్పుడల్లా రెండు సంగతులు నన్ను పట్టి ఆపేస్తాయి.

మొదటిది: అద్దం తన చేతిలోనే ఉన్నా చూసేవాడి ముఖం అందులో పడదు. పలక అడ్డం. అతను ఒంటికన్నుతో, కదలకుండా, కనబడకుండా నిలబడాలి. మనం గొప్పగా చెప్పుకునే "అద్దం పట్టడం" సరిగ్గా ఇదే.

రెండోది ఇంకా అద్భుతం. ఆకాశం ఉండాల్సిన చోట బ్రునెల్లెస్కి రంగు వేయలేదు, మెరుగుపెట్టిన వెండి అతికించాడు. గాలికి కదిలే నిజమైన మబ్బులు ఆ వెండిలో కనిపించేవి. ఎంత నిజాయితీ! కొలతకు లొంగేదంతా గీశాడు. లొంగని ఆకాశం దగ్గరికి వచ్చేసరికి కుంచె కింద పెట్టి, దాన్ని దానికే వదిలేశాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆయన కొలతల్ని తీసుకున్నారు, వెండిని మరిచిపోయారు. 1435 నాటికే చిత్రకళ మీద పుస్తకం రాసిన అల్బెర్తి చిత్రాన్ని కిటికీతో పోల్చాడు. కిటికీలోంచి ముందుకే చూస్తాం, కిటికీ దగ్గర నిలబడ్డవాడు చీకట్లోనే ఉండిపోతాడు. చిత్రం లోపల వెనకవైపును చూపే అద్దం పెట్టినవాళ్లు లేకపోలేదు. వాన్ ఐక్ 1434లో పెట్టాడు, వెలాస్కెజ్ 1656లో పెట్టాడు. కానీ అవి రంగుతో గీసిన అద్దాలు. ఎవరు వచ్చి నిలబడినా వాటిలో కనిపించేది ఎప్పుడూ ఆ పాతవాళ్లే.

ఇప్పుడు పిస్తొలెత్తో దగ్గరికి రండి. ఆయన తండ్రి పాత చిత్రాలకు మరమ్మతు చేసేవాడు. పిస్తొలెత్తో చిన్న వయసు నుంచే ఆ పనిలో ఉన్నాడు. బంగారు రేకు నేపథ్యం మీద నిలబడ్డ మధ్యయుగపు దేవతామూర్తులు ఆయనకు చేతిపనిగా తెలుసు. 1961లో తన బొమ్మ తానే వేసుకుంటూ, నున్నగా వార్నిష్ పూసిన నల్లటి నేపథ్యంలో తన ముఖమే తనకు ఎదురు రావడం చూశాడు. మరుసటి ఏడాదికల్లా కాన్వాసు పోయి, దాని చోట మెరుగుపెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. నిలువెత్తు ఫొటో నుంచి మనిషి బొమ్మను పలుచని టిష్యూ కాగితం మీదికి దింపి, కత్తిరించి, స్టీలు మీద అతికించేవాడు. 1970ల నుంచి సిల్క్‌స్క్రీన్ అనే అచ్చు పద్ధతి వాడాడు. బ్రునెల్లెస్కి ఆకాశానికి మాత్రమే ఇచ్చిన వెండి ఇక్కడ పలకంతా పరుచుకుందని నాకనిపిస్తుంది. మబ్బులకు దక్కిన మర్యాద మనుషులకూ దక్కింది.

దాని ముందు నిలబడితే ఏమవుతుందో చూడండి. అతికించిన మనిషి మీకు వీపు పెట్టి నిలబడి ఉంటాడు. అతని భుజం మీదుగా అవతల మీ ముఖం కనిపిస్తుంది. మీ వెనకున్న గుమ్మం మీ కళ్లముందు ఉంటుంది. మీరు మూడడుగులు వెనక్కి వేస్తే లోపలి మీరూ మూడడుగులు దూరమవుతారు. కదలనిది అతనొక్కడే. పలకను నేలకు దగ్గరగా పెడతారు కనుక గది నేలే లోపలికి సాగిపోయినట్టు ఉంటుంది. స్టీలు మందం ఎంతో కాదు, లోతు మాత్రం గది ఎంత పెద్దదైతే అంత. ఆ లోతును ఎవరూ గీయలేదు. మీరు నిలబడ్డ చోటు దాన్ని కొలిచి ఇస్తోంది. పర్‌స్పెక్టివ్‌లో చూపు ఒక్క దిక్కుకే పోయేది. ఇక్కడ ముందుకు వేసిన ప్రతి చూపూ వెనకదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

అద్దంతో స్థలాన్ని శోధించడమంటే జపాన్ కళాకారిణి యాయోయి కుసామా కదా అనేవాళ్లున్నారు. 1965లో న్యూయార్క్‌లో ఆమె కట్టిన అద్దాల గది గొప్పదే, కాదనను. నాలుగు గోడల మధ్య అనంతాన్ని చూపించింది. కానీ ఆ అనంతంలోకి వెళ్లాలంటే తలుపు మూసుకోవాలి. బయటి లోకం ఆగిపోతేనే అది మొదలవుతుంది. పిస్తొలెత్తో అద్దానికి తెరిచిన తలుపు కావాలి, వచ్చేపోయే జనం కావాలి. లోకాన్ని మరిపించే స్థలం, లోకాన్ని లోపలికి రానిచ్చే స్థలం అని రెండున్నప్పుడు నా ఓటు రెండోదానికే.

ఇక్కడే రాజకీయం వస్తుంది, నన్ను ఎక్కువగా కదిలించేదీ ఇదే. 1965 నాటి ఒక అద్దపు చిత్రం పేరు "ట్రామ్ చార్జీల పెంపు వద్దు". అదే ఏడాది చేసిన మరొకటి "వియత్నాం", బ్యానర్ పట్టుకున్న నిరసనకారులు. కాన్వాసు మీద వేసి ఉంటే అవి "నిరసనకు అద్దం పట్టిన" బొమ్మలయ్యేవి. జాలిపడి ముందుకెళ్లేవాళ్లం. స్టీలు మీద అలా కుదరదు. మీకు ఆ యుద్ధం మీద ఏ అభిప్రాయం ఉన్నా, అసలే అభిప్రాయం లేకపోయినా, ఆ బ్యానర్ పక్కన ఉన్నారు. చేయి కలిపి నిలబడ్డవాళ్లలా ఉన్నారో, పక్కకు తప్పుకుంటున్న దారినపోయేవాళ్లలా ఉన్నారో మీకే కనిపిస్తుంది. బయట నిలబడి చూసే చోటు అంటూ ఒకటి లేదు.

ఆ చోటులోనే మా వృత్తి అంతా కాపురముంటోంది. "జనం మారాలి" అని రాసే వ్యాసకర్త ఆ జనంలో లేడు. "వ్యవస్థ కుళ్లిపోయింది" అని ఆవేశపడే వ్యాఖ్యాత ఆ వ్యవస్థలో ఏ మెట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నాడో చెప్పడు. వరద వార్తలో నీళ్లుంటాయి, పడవ ఉంటుంది, ఏడ్చే ముఖాలుంటాయి. కెమెరా పట్టుకున్నవాడు ఏ పొడి నేల మీద నిలబడ్డాడో ఉండదు. చూసేవాడు కనిపించకపోతేనే చూపు నిష్పాక్షికమన్న నమ్మకం ఆ పలక రంధ్రం నుంచే మనకు వారసత్వంగా వచ్చింది. అది తప్పుడు నమ్మకం. ఎక్కడి నుంచి చూస్తున్నాడో చెప్పనివాడి లెక్కను సరిచూసుకునే వీలే మనకుండదు. నేనీ వ్యాసం రాస్తున్నది కూడా ఒక కుర్చీలోంచే, చదివించుకోవాలన్న ఆశతోనే. అది దాచిపెడితే నా వాదనకు విలువ పెరగదు.

2009లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో పిస్తొలెత్తో బంగారు పూత చట్రాలున్న 22 పెద్ద అద్దాలను నిలబెట్టి, సుత్తితో 20 పగలగొట్టాడు. రెండు మిగిల్చాడు. అద్దం పగిలినా ప్రతిబింబం పగలదు. చట్రంలో మిగిలిన ప్రతి పెంకులోనూ ఆ గదీ, ఆ జనమే. ఎక్కడికి జరిగినా ఏదో ఒక పెంకుకు దొరికిపోవాల్సిందే.

అందుకే ఈ చిత్రాలను పుస్తకాల్లో వేసే తీరు మీద నాకు కోపం. గది ఖాళీ చేయించి, కెమెరా అద్దంలో పడకుండా పక్కకు జరిపి, తెల్లటి గోడ మాత్రమే ప్రతిఫలించేలా తీసిన ఫొటోలు వేస్తారు. 1962లో ఆయన పారేసిన కాన్వాసును మళ్లీ తెచ్చి అతికించడమే అది. జనం ఉన్నప్పుడు తీయండి. పిల్లలు అడ్డొస్తే రానివ్వండి. ఫొటో తీసేవాడు కూడా కెమెరాతో సహా అందులో కనిపించాలి.