ఇంట్రోవర్ట్ అయితే క్వాంట్ అట, మాటకారి అయితే సేల్స్ అట

ఈ మధ్య ఏ కెరీర్ గైడెన్స్ వెబినార్ తెరిచినా అదే టేబుల్. ఎడమ పక్క సేల్స్, కుడి పక్క క్వాంట్ రీసెర్చ్, అంటే లెక్కలు కట్టి ఆర్థిక సరుకులకి ధర తేల్చే పని. నలుగురిలో కలుస్తావా, ఎడమకి పో. నలుగుర్ని చూస్తే చెమటలు పడతాయా, కుడికి పో, నీ నుదుటన స్టొకాస్టిక్ కాలిక్యులస్ రాసిపెట్టి ఉంది. అంతే, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో నీ జీవితం సెటిల్. చిలక జోస్యం వాడు కూడా కనీసం చిలకని బయటికి పిలిచి ఒక కార్డు తీయిస్తాడు, వీళ్లు ఆ పాటి కష్టం కూడా పడరు.

సరే, శాస్త్రం శాస్త్రమే, మనమూ సీరియస్‌గానే మాట్లాడుకుందాం.

నిజానికి మనవాళ్లకి ఈ ప్రశ్నే రాదు. జేఈఈ ర్యాంకు కొట్టిన కొడుకు "సేల్స్‌లో చేరతా నాన్నా" అంటే ఆ తండ్రి మొహం చూడాలి. ఐఐటీలో చదివించింది బ్యాగు తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడానికా? కాదు నాన్నా, హెడ్జ్ ఫండ్లకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ బాండ్లూ డెరివేటివ్సూ అమ్మడం అని చెప్పినా "ఏదైనా అమ్ముకోవడమే కదరా" అని తేల్చేస్తాడు. క్వాంట్ అయితే ఆ బెంగ లేదు. ఎవరికీ అర్థం కాదు కాబట్టి పెళ్లి సంబంధాల్లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. హైదరాబాద్‌లో కూర్చుని లండన్ వాడి మోడల్‌ని వాలిడేట్ చేస్తూ, అంటే వాడి లెక్క సరిచూస్తూ, రాత్రి పదకొండింటికి కాల్‌లో జోగుతున్న పిల్లాడు కూడా ఊళ్లో మాత్రం "మా వాడు క్వాంట్ అండీ".

టేబుల్ చెప్పని సంగతి ఏంటంటే ఈ ఎడమవాడూ కుడివాడూ పనిచేసేది ఒకే సరుకు మీద. ముంబయిలో ఏదో ఒక డీలింగ్ రూమ్ ఊహించుకోండి. క్వాంట్ నెలల తరబడి కూర్చుని ఒక ప్రైసింగ్ మోడల్ కట్టి నలభై పేజీల నోట్ రాశాడు. సేల్స్ వాడు లిఫ్ట్ దగ్గర్నుంచే అరుచుకుంటూ వస్తాడు.

"గురూ, క్లయింట్ పది నిమిషాల్లో లైన్లోకి వస్తున్నాడు, ఒక్క ముక్కలో చెప్పు, ఇది సేఫా కాదా?"

"వోలటాలిటీ, అదే ధరల ఊగిసలాట, ఇలాగే ఉంటే, లిక్విడిటీ, అదే కొనేవాళ్లు దొరకడం, ఎండిపోకుండా ఉంటే..."

"ఆ ఉంటేలు తీసెయ్."

"తీసేస్తే అబద్ధం అవుతుంది బ్రో."

"ఎందుకవుద్ది, 14వ పేజీలో పెట్టు."

పెడతాడు. గ్రాఫ్‌లో ఈ ఎర్ర గీత ఏంటి అంటాడు సేల్స్ వాడు. నష్టం. లేత బూడిద రంగు చెయ్. చేస్తాడు. ఫాంట్ ఎంత? 8. ఆరు చెయ్, మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పేరేంటి దీనికి? క్వాంట్ ఊపిరి తీసుకుని ఏదో మొదలుపెడతాడు, మూడో గ్రీకు అక్షరం దగ్గర సేల్స్ వాడు చెయ్యి అడ్డం పెట్టి, జీరో కాస్ట్ అందాం అంటాడు. "జీరో కాదు బ్రో, ఇప్పుడు కట్టక్కర్లేదు అంతే, ఎందుకంటే క్లయింట్ మన దగ్గర ఒక ఆప్షన్, అంటే ముందే అనుకున్న రేటుకి కొనే లేదా అమ్మే హక్కు, కొని మనకే రెండు అమ్ముతున్నాడు, రేటు అటు తిరిగితే..." అప్పటికే మనవాడు ఫోన్‌లో ఉన్నాడు. "సార్ నమస్తే, టిఫిన్ అయిందా సార్? మా పీహెచ్‌డీలు చూసి ఓకే అన్నారు సార్."

దీన్నే టీమ్ వర్క్ అంటారు. డీల్ అయిన రోజే బ్యాంకు పుస్తకాల్లో లాభం, సేల్స్ వాడి పేరు మీద సేల్స్ క్రెడిట్. నష్టం వచ్చేది తర్వాతెప్పుడో, అదీ వేరేవాళ్లకి.

మోడల్ తిరగబడ్డప్పుడు చెప్పే మాటలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. 2007 ఆగస్టులో క్వాంట్ ఫండ్లు, అంటే మోడళ్లు చెప్పినట్టు కొని అమ్మే ఫండ్లు, కుప్పకూలుతుంటే అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ సీఎఫ్‌ఓ డేవిడ్ వినియర్, 25 స్టాండర్డ్ డీవియేషన్ల కదలికలు వరసగా చాలా రోజులు చూశాం అన్నాడు. అంటే మోడల్ లెక్కలో ఈ విశ్వం పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా జరగకూడనిది ఇవాళ జరిగి రేపు మళ్లీ జరిగిందన్నమాట. తప్పంతా విశ్వానిదే.

ఇక్కడ్నుంచి నాకు నవ్వు రావట్లేదు. అదే 2007లో రూపాయి బలపడి డాలర్ 44 నుంచి 39 దగ్గరికి వచ్చేసింది. తిరుప్పూరులో బనియన్లూ టీషర్టులూ కుట్టి ఎగుమతి చేసేవాళ్లకి డాలర్లలో వచ్చే డబ్బు కళ్లముందే కరిగిపోతోంది. అప్పుడు దిగారు బ్యాంకులవాళ్లు. హెడ్జింగ్ అన్నారు, అంటే రేటు తిరగబడితే నష్టం రాకుండా కాపు, జీరో కాస్ట్ అన్నారు, స్విస్ ఫ్రాంక్ మీదా యెన్ మీదా బారియర్లు, అంటే రేటు తాకితే లెక్క మారిపోయే గీతలు, పెట్టిన ఎగ్జోటిక్ ఆప్షన్లు, అదే మెలికల ఆప్షన్లు, అంటగట్టారు. నూలు ధర తెలిసినవాడు, అద్దకం బిల్లు తెలిసినవాడు, వాడికి స్విట్జర్లాండ్ కరెన్సీతో ఏం పనిరా? వాడి భయం రూపాయి గురించి, మీరు అమ్మింది ఫ్రాంక్ మీద పందెం! 2008 మార్చిలో డాలర్ మొట్టమొదటిసారి ఒక ఫ్రాంక్ కంటే కిందికి పడింది, రేటు ఎన్నడూ అక్కడిదాకా రాలేదన్న ధీమాతో గీసిన గీతలన్నీ తెగిపోయాయి, ఏళ్ల తరబడి మిషన్ల మీద సంపాదించింది ఒక్క సంతకంతో పోయింది, జనం కోర్టులకెక్కారు.

2011 ఏప్రిల్లో రిజర్వ్ బ్యాంకు 19 బ్యాంకులకి జరిమానా వేసింది, ఈ సరుకు ఆ కస్టమర్‌కి తగినదో కాదో సరిగ్గా చూడకుండా అమ్మారని కూడా చెప్పింది. ఒక్కో బ్యాంకుకి ఎంతో తెలుసా, 5 నుంచి 15 లక్షలు. బ్యాంకుకి! లక్షలు! అమ్మినవాళ్ల బోనస్‌లో టీడీఎస్ కోత కూడా అంతకంటే ఎక్కువే ఉండుంటుంది.

సేల్స్ వాడిని అడిగితే క్లయింట్ సంతకం చూపిస్తాడు. క్వాంట్‌ని అడిగితే 14వ పేజీ చూపిస్తాడు. ఇద్దరూ చూపించేది నిజమైన కాయితమే, ఒళ్లు మండేది అందుకే. బనియన్లు కుట్టేవాడు ఇంక ఎవడి కాలర్ పట్టుకోవాలి, స్విస్ ఫ్రాంక్‌దా?