రాత్రి పదకొండింటి ఫోన్

రాత్రి పదకొండు దాటాక కూతురి దగ్గర్నుంచి ఫోన్ వస్తే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. "ఏం లేదమ్మా, ఊరికే చేశా" అంటుంది అవతల. గొంతు బొంగురుపోయి ఉంటుంది, వెనకాల టీవీ పెద్దగా మోగుతుంటుంది, కాసేపు పిల్లాడి జలుబు గురించీ రేపటి వంట గురించీ మాట్లాడాక అసలు సంగతి బయటికొస్తుంది. తల్లి ఏమంటుందో మనందరికీ తెలుసు. "కాస్త సర్దుకుపోవే, మగాడన్నాక కోపం రాదా, పొద్దున నాన్న మాట్లాడతారులే." పొద్దున నాన్న మాట్లాడరు. ఒకవేళ మాట్లాడినా అల్లుడితో "మా అమ్మాయి కాస్త మొండిది బాబూ" అని మొదలుపెడతారు.

తల్లిని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్యను భర్త కొట్టడానికి ఫలానా కారణాలు సరైనవేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురుచెప్పడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివి ఏడు. వాటిలో కనీసం ఒక్కదానికైనా కొట్టొచ్చు అన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో అన్నిటికన్నా పైన ఉన్నవి మన రెండు రాష్ట్రాలే. హిమాచల్ ప్రదేశ్‌లో అదే ప్రశ్నకు అవునన్నవాళ్లు 14.8 శాతం. వంట బాగోలేదని దెబ్బ తినడం న్యాయమే అనుకుంటూ పెరిగిన తల్లి కూతురికి అంతకన్నా ఏం చెప్పగలదు?

అదే సర్వే ఇంకో మాట చెబుతోంది. దెబ్బలు తిన్న ఆడవాళ్లలో దేశం మొత్తమ్మీద 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, అసలు ఎవరికీ చెప్పనే లేదు. ఎండాకాలంలోనూ మోచేతి కిందిదాకా వచ్చే జాకెట్టు వేసుకుంటారు, బాత్రూంలో జారిపడ్డానంటారు, ఫంక్షన్లకు రావడం మానేస్తారు. అంటే చెప్పడానికి నోరు తెరిచిన మనిషి అప్పటికే చాలా దూరం వచ్చినట్టు. ఆ మొదటి మాట ఎవరి చెవిన పడిందో వాళ్ల జవాబును బట్టే ఆమె రెండోసారి నోరు తెరుస్తుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడే మా ఫిర్యాదు ఉంది. వినేవాళ్ల దగ్గర రెండే జవాబులు ఉంటాయి. ఒకటి సర్దుకుపో, రెండోది కేసు పెట్టి జైల్లో వేయించు. మొదటిది ఆమె ఎప్పట్నుంచో చేస్తున్నదే. రెండోది వినగానే "ఆయన జైలుకెళ్తే మమ్మల్ని ఎవరు చూస్తారు, పిల్లల ఫీజు ఎవరు కడతారు" అని భయపడి నోరు మూసుకుంటుంది. ఈ రెంటికీ మధ్యన ఒక దారి ఉందనీ, అది 2006 అక్టోబరు 26 నుంచీ తెరిచే ఉందనీ ఆమెకు చెప్పేవాడు లేడు, ఎందుకంటే మనకే తెలియదు.

గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం అది. దాని ప్రధాన ఉద్దేశం మొగుణ్ణి జైల్లో పెట్టడం కాదు. దెబ్బలు ఆగాలి, ఆమె నెత్తిన కప్పు ఉండాలి, చేతిలో నాలుగు డబ్బులు ఉండాలి. "ఈమె జోలికి వెళ్లొద్దు" అని మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఖర్చులకు డబ్బు ఇప్పించొచ్చు, పిల్లల్ని తాత్కాలికంగా ఆమె దగ్గరే ఉంచమనొచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, ఆమె కాపురం చేసిన ఇంట్లోంచి గెంటేయడానికి వీల్లేదు. అత్తమామల పేరున ఉన్న ఇంటికీ ఇది వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రక్షణ ఉత్తర్వును భర్త తుంగలో తొక్కితే అప్పుడు ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. చేయి చేసుకుంటేనే హింస అని కూడా చట్టం అనుకోలేదు. నలుగురిలో హీనంగా తిట్టడం, ఇష్టం లేకుండా మీద పడటం, జీతం పడగానే లాగేసుకుని ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకోవడం కూడా హింసే. భార్యలకే కాదు, ఒకే ఇంట్లో ఉన్న తల్లికీ అక్కచెల్లెళ్లకీ కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

తప్పుడు కేసుల సంగతేంటని అడిగేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. అలాంటి కేసులు ఉన్నాయి, వాటిని తేల్చడానికి కోర్టులున్నాయి. అయితే మూడొంతుల మంది పక్కింటావిడతో కూడా చెప్పుకోని చోట మన మొదటి బెంగ అదే ఎందుకయిందో మాకు అర్థం కాదు.

మరి ఆ ఫోన్ ఎత్తినవాళ్లు ఏం చేయాలి? ముందు వినాలి, మధ్యలో "నువ్వేమన్నావ్" అని అడక్కుండా. ఇప్పుడు ప్రమాదంలో ఉన్నావా అని అడగాలి, అవునంటే అత్యవసర సాయం నంబరు 112కు చేయాలి. వెంటనే అల్లుడికి ఫోన్ చేసి నిలదీయడం వీరత్వంలా అనిపిస్తుంది కానీ ఫోన్ పెట్టేశాక ఆ గదిలో అతనితో ఉండేది ఆమె. పెద్దమనుషుల్లో పెట్టడమూ అంతే, కాగితం మీద సంతకం చేసిన మర్నాడు "నన్ను నలుగురిలో నిలబెడతావా" అన్న దెబ్బ వేరే ఉంటుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది, అక్కడికి వెంట వెళ్లొచ్చు. లాయరు ఫీజు భయం అక్కర్లేదు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆ నంబరు 15100. ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కు, నగల ఫొటోలు ఎవరో నమ్మకస్తుల దగ్గర పెట్టించడం చిన్న పనే, సమయానికి అదే పెద్ద ఆసరా. ఈ చట్టం కింద నియమించే రక్షణ అధికారికి పక్కింటివాళ్లు సైతం సమాచారం ఇవ్వొచ్చు, సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని చట్టంలోనే రాసి ఉంది.

అమెరికాలో హెచ్4 మీద, అంటే మొగుడి ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ వీసాతో ఉన్న మన పిల్లల సంగతి ఇంకో రకం. "వీసా క్యాన్సిల్ చేయిస్తా, పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది" అన్న బెదిరింపు అక్కడి చెంపదెబ్బ. "గ్రీన్ కార్డు వచ్చేదాకా ఓపిక పట్టు" అని ఇక్కడి నుంచి చెప్పేవాళ్లం ఎంత కాలానికి చెబుతున్నామో ఒకసారి లెక్కేసుకోవాలి.

"అంత నరకమైతే వదిలేసి రావచ్చుగా" అనడం తేలిక. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే, ఈడ పిల్ల కాదు అని పెళ్లిలో నవ్వుతూ అన్నది మనమే. వచ్చి ఎక్కడ పడుకుంటుంది? తమ్ముడి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, చెల్లెలు ఇంకా చదువుతోంది, నాన్నకు బీపీ. పైగా విడిచి వెళ్తానన్నప్పుడే అవతలివాడి కోపం హద్దు దాటే ప్రమాదం ఎక్కువ.

ఇంత చెప్పి మా సంగతి దాటేస్తే బాగుండదు. 'క్షణికావేశంలో భార్యను హతమార్చిన భర్త' అని, 'కుటుంబ కలహాలతో' అని పత్రికలు ఎన్నిసార్లు రాశాయో లెక్కలేదు. అందులో మేమూ ఉన్నాం. ఏళ్ల తరబడి సాగింది క్షణికం ఎలా అవుతుంది? ఇకనుంచి ఆ రెండు మాటలూ మా డెస్కులో కొట్టేస్తారు, ఇలాంటి ప్రతి వార్త కింద 181 నంబరు ఉంటుంది.

ఇక ప్రభుత్వాలు. ఈ చట్టానికి కాళ్లూ చేతులూ రక్షణ అధికారి. ఫిర్యాదు రాసుకోవాలి, గృహ హింస నివేదిక తయారుచేయాలి, ఆమెను ఆసుపత్రికో వసతి గృహానికో చేర్చాలి, కోర్టుకు సాయపడాలి. చాలాచోట్ల ఈ పని సవాలక్ష పనులున్న మరో అధికారికి అదనపు బాధ్యత. జిల్లా, తాలూకా స్థాయిల్లో అధికారులను గుర్తించి రక్షణ అధికారులుగా నియమించమని 2025 మేలో సుప్రీంకోర్టు ఆరు వారాల గడువు పెట్టాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చి ఇరవై ఏళ్లకు మన పరిస్థితి అది. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలనీ, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టంలో ఉంది. ఆ గడువు దాటిన దరఖాస్తులు ఏ జిల్లాలో ఎన్నున్నాయో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నెలనెలా బయటపెట్టాలి. మీ మండలానికి రక్షణ అధికారి ఎవరో, ఫోన్ నంబరేమిటో ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా, రేషన్ షాపు ముందూ రాయించాలి. పెయింటు డబ్బా ఖర్చు, అంతే.