తామరకు మేత వేస్తున్న ట్యూబు

పోయిన మే నెలలో అమ్మ బీపీ మాత్రల కోసం బెజవాడలో ఒక మెడికల్ షాపుకి వెళ్ళాను. ఒక ఆటో డ్రైవర్ వచ్చి, చొక్కా జేబులోంచి మెడదాకా చుట్టేసిన ట్యూబు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇదే ఇంకోటి ఇవ్వన్నా." షాపతను చీటీ అడగలేదు, దేనికని కూడా అడగలేదు. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్, దాని పక్కన ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ పేర్లు ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావని అడిగాను. "రెండేళ్ళండి. రాస్తే తగ్గుద్ది, మానేస్తే మళ్ళా వచ్చుద్ది. ఇంట్లో అందరికీ ఇదే."

ఆ రెండు ముక్కల్లోనే తామర జబ్బు కథంతా ఉంది.

గజ్జి, తామర అని కలిపి అనేస్తాం గానీ, గజ్జి తెచ్చేది కంటికి ఆనని పురుగు, తామర తెచ్చేది ఫంగస్. ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్ లాంటి ఈ జాతులకు ఆహారం కెరాటిన్. మన చర్మం పైపొర, జుట్టు, గోళ్ళు, గేదె కొమ్ము, గిట్ట అన్నిట్లో ఉండేది ఆ ప్రొటీనే. గంధకపు బంధాలతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి చాలా సూక్ష్మజీవులకు అది అరగదు. ఈ ఫంగస్ ముందు సల్ఫైట్ వదిలి ఆ బంధాలను తెంపుతుంది, తర్వాత ఎంజైములతో కరిగించి పీల్చుకుంటుంది. ఉన్నచోట తినేసి చుట్టూ బయటికి పాకుతుంది. అందుకే మచ్చ గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉంటుంది. ఆ ఎరుపూ దురదా మన శరీరం ఫంగస్ మీద తిరగబడుతున్నదనడానికి గుర్తు. వాపు ఉన్నచోట చర్మం తొందరగా పొలుసులై రాలుతుంది, పొలుసుతో పాటు ఫంగసూ రాలిపోతుంది.

స్టెరాయిడ్ ఆ తిరుగుబాటునే అణిచేస్తుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, మనిషికి హాయిగా నిద్ర పడుతుంది. కాపలా లేని చేలో పశువులు పడ్డట్టు ఫంగస్ లోపల మేస్తూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టరు కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది. ఇలా ముసుగు వేసుకున్న తామర గురించి బ్రిటిష్ డాక్టర్లు 1968లోనే రాశారు. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు చాలావరకు అలాగే ఉండిపోతాయి.

ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అనుకోవచ్చు. ఫంగస్ మొక్కకన్నా జంతువుకే దగ్గరి చుట్టం. దాని కణాన్ని చంపుతూ మన కణాన్ని వదిలేసే మందులు తక్కువే. మన కణం పొరకు కొలెస్టరాల్ ఎలాగో దాని కణం పొరకు ఎర్గోస్టెరాల్ అలాగ. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు ఆ ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతుంది. తయారుచేసే ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం మారినా ఆ మందు సరిగా అంటుకోదు. సరిగ్గా అలాంటి మార్పులతో, మన దేశం, నేపాల్ నుంచి వెళ్ళిన రోగుల్లో దొరికిన ఫంగస్‌కు 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. న్యూయార్క్‌లోనూ ఉందని 2023లో బయటపడింది. ఇష్టారాజ్యంగా అమ్ముడయ్యే ఈ కలగలుపు ట్యూబులకు ఇందులో పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. పలు స్టెరాయిడ్ పూతమందులను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ రోజు కౌంటరు మీద నేను చూసింది వేరు.

గుంటూరు చుట్టుపక్కల పాడి ఉన్న ఇళ్ళలో తామర అంటుకోవడానికి ఇంకో దారి ఉంది. దూడ కళ్ళ చుట్టూ బూడిదరంగు పెచ్చులు కడితే అది చాలావరకు తామరే. పట్టుకుని కట్టేసే మనిషి ముంజేతికి అంటుకుంటుంది. పెంపుడు పిల్లి నుంచి పిల్లల తలకు పాకుతుంది. పశువుల నుంచి వచ్చిన రకం మనలో వాపు ఎక్కువ తెస్తుంది, ఒక్కోసారి చీము పట్టిన పుండులా కనిపిస్తుంది. మనుషులకు అలవాటుపడ్డ రకం గొడవ చేయకుండా ఏళ్ళ తరబడి కాపురం పెడుతుంది. రాలిన వెంట్రుకల్లో, పొలుసుల్లో దీని బీజాలు నెలల తరబడి బతుకుతాయి. ఒకే తువ్వాలు వాడే ఇంట్లో ఒక్కరికి మందు రాస్తే అది ఇంకొకరి నుంచి తిరిగొస్తుంది. దూడకూ, పిల్లికీ కూడా పశువుల డాక్టరుతో మందు వేయించాలి.

ఇది తామరేనా కాదా తేల్చడానికి పెద్ద ఖర్చు లేదు. మచ్చ అంచున బ్లేడుతో నాలుగు పొలుసులు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, కాసేపటికి చర్మకణాల మధ్య కొమ్మలు వేసిన సన్నటి దారాలు కనిపిస్తాయి. కఫం పరీక్ష చేసే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోప్ ఎలాగూ ఉంటుంది. ఆ బల్ల మీదే ఈ పరీక్షా మొదలుపెడితే, ఆ డ్రైవర్ రెండేళ్ళుగా రాస్తున్నది ఏమిటో మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.