ముందు వెన్ను కొలవండి, తర్వాత బ్యాగ్ కొనండి

చలికాలం వస్తే చాలు, ట్రెక్కింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్తున్నాం. 50 లీటర్ల బ్యాగ్ తీసుకోవాలా, 60 లీటర్లదా?" కింద బోలెడు జవాబులు. ఒకరు బ్రాండ్ పేరు చెప్తారు, ఇంకొకరు ఆఫర్ లింకు పెడతారు. "నీ వెన్ను పొడవెంత తమ్ముడూ?" అని అడిగే నాథుడు ఉండడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

లోపల ఎంత సామాను పడుతుందో లీటర్లు చెప్తాయి. ఆ బరువు మీ ఒంటి మీద ఎక్కడ కూర్చుంటుందో వెన్ను కొలతే చెప్తుంది. ఎత్తు చూసి కొన్నా లాభం లేదు. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడవై వెన్ను పొట్టిగా ఉండొచ్చు, అతనికంటే పొట్టివాడికి వెన్నే పొడవుగా ఉండొచ్చు.

ఇంట్లో ఎవరినైనా టేపు పట్టుకుని వెనక నిలబడమనండి. తల కిందికి వంచితే మెడ అడుగున ఒక ఎముక గుబ్బలా తేలుతుంది. కొలత అక్కడ మొదలు. రెండు చేతులూ నడుం పక్కన, తుంటి ఎముక పైఅంచు మీద పెట్టి, బొటనవేళ్లు వెనక్కి తిప్పండి. ఆ వేళ్ల మధ్య అడ్డంగా గీత ఉందనుకుంటే, గుబ్బ నుంచి ఆ గీత దాకా ఎంత వస్తే అదే మీ వెన్ను పొడవు. రెండు నిమిషాల పని.

ఇంత గొడవ ఎందుకంటే, పెద్ద బ్యాగులో బరువు మోయాల్సింది భుజాలు కాదు, తుంటి. దళసరి నడుం పట్టీ ఉన్నది అందుకే. భుజం పట్టీలు బ్యాగ్ వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలు. వెన్నుకంటే బ్యాగ్ పొడవైతే నడుం పట్టీ పిరుదుల మీదికి జారుతుంది. పొట్టిదైతే పొట్ట మీదికి ఎక్కి నొక్కుతుంది, మోత మొత్తం భుజాల మీద పడుతుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తే "సామాను ఎక్కువైంది" అనుకుంటాం, కొలత కుదరలేదని ఎవరికీ తట్టదు.

మొన్న మా మేనకోడలికి బ్యాగ్ కొందామని ఒక షాపుకు వెళ్లాం. కుర్రాడు ఖాళీ బ్యాగ్ తగిలించి, అద్దం ముందు నిలబెట్టి, "సూపర్‌గా ఉంది మేడమ్" అన్నాడు. ఖాళీ బ్యాగ్ ఏదైనా హాయిగానే ఉంటుంది! వెంట తెచ్చుకున్న రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు అందులో పెట్టబోతే, "వద్దు సార్, కుట్లు పోతాయి" అన్నాడు. ఎనిమిది కిలోలకు కుట్లు పోయే బ్యాగ్ కొండ మీద ఏం ఆగుతుంది? ఇంకో షాపులో పెట్టనిచ్చారు. బరువు పడ్డాక అసలు సంగతి తేలింది. నడుం పట్టీ చివరంటా లాగేసరికి ముందు మెత్తలు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి, ఇక బిగించడానికి చోటే లేదు. భుజం పట్టీలు చంకల దగ్గర కోసుకుపోతున్నాయి. ఆడవాళ్ల కోసం పట్టీలు వంపు తిప్పి, నడుం దగ్గర ఆకారం మార్చి కుట్టే బ్యాగులు వేరే ఉన్నాయి. రంగు మార్చినంత మాత్రాన ఆడవాళ్ల బ్యాగ్ అయిపోదు.

తగిలించుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. నడుం పట్టీ తుంటి ఎముక మీద కూర్చునేలా పెట్టి మొదట దాన్నే బిగించాలి. తర్వాత భుజాలవి, ఆ పైన భుజం మీంచి బ్యాగ్ తలకు వెళ్లే చిన్న పట్టీలు, ఆఖరున ఛాతీది. సర్దేటప్పుడు బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి. స్లీపింగ్ బ్యాగ్ అడుగున వేయండి. బరువు బయటి జేబుల్లో పడితే ప్రతి అడుగుకీ వెనక్కి లాగుతుంది. రోజుల తరబడి నడిచేవాళ్ల బ్యాగ్ బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు.

ఒక్కరోజు నడకకు ఇంత హంగామా అక్కర్లేదు. నల్లమలలో లోయ అడుగునున్న సలేశ్వరం గుడికి దిగేవాళ్లకు ఇరవై లీటర్లది చాలు. కానీ అక్కడి జాతర చైత్రంలో, ఎండలో. నీళ్లే మూడు కిలోలు మోయాలి, కాబట్టి అక్కడ కూడా లాప్‌టాప్ బ్యాగ్ పనికిరాదు. వీపుకు తగలకుండా వల కట్టిన బ్యాగులు చెమటకు మంచివే, కానీ బరువును వీపుకు కాస్త దూరంగా జరుపుతాయి. తక్కువ సామానుకైతే ఫరవాలేదు. పరిగెత్తేవాళ్లు ఇవేవీ చూడకండి, ఒంటికి బనీనులా అంటుకునే రన్నింగ్ వెస్ట్ అనే సంచి కొనుక్కోండి.

వానకు రెయిన్ కవర్ ఒక్కటే నమ్ముకోవద్దు. వీపు మీంచి కారే నీళ్లను అది ఆపలేదు. లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్ వేసి, బట్టలు అందులో పెట్టండి.

మరి పిల్లల సంగతి? బడి సంచి పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 2020 స్కూల్ బ్యాగ్ విధానంలోనే రాసింది. మన వీధిలో పొద్దున్నే ఆటో ఎక్కే పిల్లల వీపులు చూడండి. పట్టీలు మోకాళ్ల దాకా వదిలేసి, సంచి పిరుదుల కింద ఊగుతూ ఉంటుంది. కనీసం ఆ పట్టీలు రెండూ బిగించి పంపండి.

షాపుల వాళ్లకు నాదొక విన్నపం. అయిదు కిలోల ఇసుక సంచులు రెండు, ఒక కొలత టేపు కౌంటర్ దగ్గర పెట్టండి. కొనేవాళ్లు బరువుతో ఓ పావుగంట షాపులో అటూ ఇటూ తిరుగుతారు, మెట్లుంటే ఎక్కి దిగుతారు. తిరగనివ్వండి.