సిమ్లాలో తొలిరోజును నడకకే ఇవ్వాలి

పెళ్లయిన పది, పదిహేను రోజులకు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సిమ్లా బయల్దేరే కొత్త జంటల చేతికి ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే కార్యక్రమం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఢిల్లీ దాకా విమానం, అక్కడి నుంచి రాత్రి వోల్వో బస్సు, తెల్లవారాక సిమ్లాలో దిగి హోటల్లో స్నానం, టిఫిన్, ఆ వెంటనే కారెక్కి 15 కిలోమీటర్ల దూరంలోని కుఫ్రీకి ప్రయాణం. అక్కడ గుర్రపు స్వారీ, అద్దెకు తీసుకున్న దుస్తుల్లో ఫొటోలు, తిరుగు ప్రయాణం, చీకటి పడ్డాక మాల్ రోడ్డులో ఓ గంట, ఆపై క్యాండిల్ లైట్ డిన్నర్. మర్నాడో ఆ మర్నాడో మనాలి. ఈ లెక్కలో సిమ్లా రాత్రి పడుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని ఊరవుతోంది. దంపతులుగా బయటి ఊళ్లో గడిపే తొలి పగటిని ఇలా కారులో కరగనివ్వడం ఆ జంటకూ మంచిది కాదు, ఆ ఊరికీ మంచిది కాదు అని నా అభిప్రాయం.

సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున, ఒక కొండ వెన్ను మీదా దాని వాలుల మీదా సిమ్లా విస్తరించి ఉంది. 1864లో వేసవి రాజధానిగా ఎంచుకున్న తర్వాత బ్రిటిష్ పాలకులు ఈ ఊరిని అంతస్తులుగా పెంచారు. చక్రాల బండ్లకు కింద కార్ట్ రోడ్డు, షికారుకు పైన మాల్ రోడ్డు, వాటి నడుమ ఇరుకైన బజార్లు, ఒక బజారు నుంచి మరో బజారుకు మెట్ల దారులు. ఆ రోజుల్లో మాల్ మీద బండిలో వెళ్లే అధికారం వైస్రాయ్, సర్వసైన్యాధిపతి, పంజాబ్ గవర్నర్లకే ఉండేది. ఆ దొరతనం పోయింది గానీ, మాల్ రోడ్డు, రిడ్జ్ మైదానం ఇప్పటికీ మామూలు వాహనాలకు మూసే ఉన్నాయి. అందువల్ల కారులో తిరిగిన జంట చూసే సిమ్లాలో ఎక్కువ భాగం కార్ట్ రోడ్డు, దాని మీది ట్రాఫిక్ మాత్రమే. అసలు ఊరు వాళ్ల తలలకు పైన, కొన్ని వందల మెట్ల ఎత్తున ఉండిపోతుంది. ఎక్కలేనివారికి కార్ట్ రోడ్డు నుంచి మాల్‌కు లిఫ్ట్ కూడా ఉంది.

మాల్ దగ్గర గది తీసుకున్నవారికి ఈ సంగతి దిగీ దిగగానే తెలుస్తుంది. కారు కిందే ఆగిపోతుంది. కశ్మీర్ నుంచి వచ్చి ఇక్కడ మోత పని చేసుకునే కూలీలను ఊళ్లో ‘ఖాన్’ అని పిలుస్తారు. వారిలో ఒకరు రెండు పెద్ద సూట్‌కేసులను ఒక్క తాడుతో కలిపి బిగించి, వీపుకెత్తుకుని, నడుము నుంచి ముందుకు వంగి, ఎక్కడా ఆగకుండా నిటారు మెట్లు ఎక్కుతారు. గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు, ఇనప బీరువాలు కూడా ఆ ఊరి ఇళ్లకు ఇలా మనుషుల వీపుల మీదే చేరతాయి. ఖాళీ చేతులతో వెనక నడిచే కొత్త పెళ్లికొడుకుకు, పెళ్లికూతురుకు కాసేపట్లోనే ఆయాసం వస్తుంది. సముద్రమట్టానికి దగ్గరగా పెరిగినవారికి ఈ ఎత్తులో అది సహజమే. రాత్రంతా మలుపుల దారిలో నిద్రపట్టని శరీరానికి మధ్యాహ్నం వరకు విశ్రాంతి కావాలి. అలాంటప్పుడు సిమ్లా కన్నా ఇంకా ఎత్తున ఉన్న కుఫ్రీకి, మళ్లీ మలుపుల మీదుగా, ఆ ఉదయమే తీసుకెళ్లడంలో అర్థం లేదు.

ఇంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో అమ్మాయీ అబ్బాయీ నిశ్చితార్థం నుంచి ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా, పెళ్లిపందిరి మొదలు గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, మనుగుడుపుల దాకా వాళ్ల చుట్టూ బంధువులు ఉంటూనే ఉంటారు. ఎవరూ పిలవని, ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేని మొదటి పగలు ఇదే. కారులో ఎదుట డ్రైవర్ ఉంటాడు, కుఫ్రీలో గుర్రాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, పక్కనే ఫొటో తీసేవాళ్ల తొందర ఉంటుంది. కాలినడకలో మాట దానంతటదే వస్తుంది. ఆమెకు ఎత్తైన చోటు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయని, అతను బేరమాడటానికి మొహమాటపడతాడని, ఇద్దరిలో ఎవరికి ముందు ఆకలేస్తుందో, ఎవరు అలిసిపోయి కూడా చెప్పరో తెలిసేది లక్కడ్ బజార్ చెక్కబొమ్మల దుకాణాల ముందు, మిడిల్ బజార్ మెట్ల మీద. పక్కవారి నడకకు తగ్గట్టు తన నడక తగ్గించుకోవడం అక్కడే మొదలవుతుంది.

చూడదగినవి నడిచే దూరంలోనే ఉన్నాయి. రిడ్జ్ మీద 1857లో ప్రతిష్ఠించిన క్రైస్ట్ చర్చి, మాల్ మీద 1887 నాటి గెయిటీ థియేటర్, చర్చి పక్క నుంచి జాఖూ గుడికి నిటారు దారి. ఆ గుడి దగ్గరి 108 అడుగుల హనుమంతుడి విగ్రహం ఊరంతటికీ కనిపిస్తుంది. అక్కడి కోతులు కళ్లజోడు లాక్కుని, తినేది ఏదైనా విసిరితే గానీ వదలవు. జోడు తీసి సంచిలో దాచుకుని ఎక్కడం మేలు.

తొలిరోజున ఒక్కచోటు మాత్రమే ఎంచుకోమంటే నేను జాఖూకు బదులు పడమటి వైపున్న పాత వైస్రాయ్ భవనం చూడమంటాను. 1888లో పూర్తయిన ఆ రాతి మేడలోనే, దేశ పాలన గురించి వైస్రాయ్ మన నాయకులతో చర్చించిన 1945 నాటి సిమ్లా సమావేశం జరిగింది. స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రపతికి వేసవి విడిదిగా దక్కిన ఆ భవనాన్ని విద్వాంసుల పరిశోధనకు ఇచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1965లో అక్కడ భారత ఉన్నత అధ్యయన సంస్థను ప్రారంభించింది కూడా ఆయనే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ చాన్సలర్‌గా పనిచేసిన మనిషి ఒక రాజభోగాన్ని చదువుకు అప్పగించిన చోటు అది. తెలుగు జంటల కార్యక్రమాల్లో దాని పేరు తరచూ కనిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక ఊరి సంగతి. మన ముహూర్తాలు వైశాఖ, జ్యేష్ఠాల్లో జోరుగా ఉంటాయి. ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి కాబట్టి, ఆలోపే హనీమూన్ ముగించాలన్న తొందర ఉంటుంది. అంటే మన జంటలు వెళ్లేది సరిగ్గా మే, జూన్ నెలల్లో, సిమ్లాకు నీటి ఎద్దడి ఉండే కాలంలో. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 1.7 లక్షల మంది ఉన్న ఆ నగరం తాగే నీటిని లోయల్లోని వాగుల నుంచి పంపులతో పైకి ఎత్తిపోయాలి. జంటలు ఫొటోలు దిగే రిడ్జ్ మైదానం కిందే ఒక పెద్ద నీటి ట్యాంకు ఉంది. 2018 మేలో వాగులు ఎండి, కుళాయిల్లో నీళ్లు రోజుల తరబడి రాక, పర్యాటకులు ఈసారికి రావద్దని స్థానికులు సామాజిక మాధ్యమాల్లో వేడుకున్నారు. వేసవి ఉత్సవం వాయిదా పడింది. పోనీ శ్రావణ ముహూర్తాలకు పెళ్లి చేసుకుని వెంటనే వెళ్దామంటే అది వానల నడిమి కాలం. 2023 ఆగస్టులో సమ్మర్ హిల్ శివాలయం మీద కొండచరియ విరిగిపడి 20 మంది చనిపోయారు. ఆ చోటు నేను పైన చెప్పిన వైస్రాయ్ భవనానికి ఎంతో దూరం కాదు.

వీలున్నవారు ప్రయాణాన్ని దసరా తర్వాతకు జరుపుకోవాలి. వేసవిలోనే తప్పదనుకుంటే, బాత్‌టబ్ ఉన్న గది అడగడం మానుకుని, బకెట్ నీళ్లతో స్నానం ముగించాలి.

ఏజెంట్లు చేయాల్సింది కూడా ఉంది. రాత్రి బస్సుకు బదులు, కొండల పాదాన ఉన్న కాల్కా నుంచి చిన్న రైలులో సీట్లు చూడవచ్చు. 1903లో మొదలై, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ 96 కిలోమీటర్ల దారి ఐదారు గంటల్లో వందకు పైగా సొరంగాలు దాటుతూ మనిషిని మెల్లగా పైకి తీసుకెళ్తుంది. పొద్దున బయల్దేరే రైలు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనం, కునుకు అయ్యాక కూడా రిడ్జ్ మీద నడవడానికి వెలుతురు మిగులుతుంది. కుఫ్రీ కావాలన్నవారికి అది రెండో రోజుకు మార్చాలి. మొదటి రోజు ఎదుట కారు నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు రాసే గడిని ఖాళీగా వదిలేయాలి. అలా వదలమని అడగాల్సింది డబ్బు కట్టే ముందు, ఆ జంటే.